దగ్గర గురి



పోయిన నెలలో మన సంఘపు యవ్వనస్తుడు ఒకడు టెక్సాస్ నుంచి వాట్సాప్‌లో ఒక వీడియో పంపించాడు. జింకల వేట కాలం వస్తోందని అతని పక్కింటాయన రైఫిలుకు కొత్త స్కోపు బిగించి గురి సరిచేసుకుంటున్నాడు. "అయ్యగారూ, ఇందులో మీకు ఏదో ఒక వర్తమానం దొరుకుతుందని పంపాను" అని కింద రాశాడు. మేము తుపాకీ పట్టినవాళ్ళం కాదు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన తరువాత సరదా వేట నేరమే. మన పల్లెల్లో తుపాకీ అంటే బ్యాంకు గుమ్మం దగ్గర కాపలా మనిషి భుజాన ఉండేదే. అయినా ఆ వీడియోను మూడుసార్లు చూశాము.

అందులో మమ్మల్ని ఆలోచింపజేసినది ఒకే ఒక సంగతి. ఆయన గురి కాగితాన్ని దూరాన కట్టలేదు. 25 గజాల్లో కట్టాడు. అంటే సుమారు 23 మీటర్లు, మన మందిరం గుమ్మం నుంచి బోరింగు పంపు దాకా ఉండే దూరం. అంత దగ్గర్లో జింకను ఎవరు కొడతారు? అదే అడిగాము. ఆ అబ్బాయి పక్కింటాయనను అడిగి జవాబు పంపాడు. స్కోపు కొత్తగా బిగించినప్పుడు అది ఎటు చూస్తోందో, గొట్టం ఎటు చూస్తోందో తెలియదు. ఆ స్థితిలో 100 గజాల్లో కాలిస్తే గుండు అసలు కాగితానికే తగలకపోవచ్చు. తగలకపోతే కుడికి పోయిందా, ఎడమకు పోయిందా, పైకి పోయిందా తెలియదు. ఎటు పోయిందో తెలియని గుండుతో ఏ దిద్దుబాటూ చేయలేము. దగ్గర్లో అయితే తప్పిన గుండు కూడా కాగితం మీదే పడుతుంది. తప్పు కంటికి కనిపిస్తుంది. కనిపించిన తప్పును దిద్దుకుని, ఆ తరువాత 100 గజాలకు వెళ్తారు.

తప్పు కనిపించే దూరంలో ముందు నిలబడాలి. ఈ మాట మా మనసులో ఉండిపోయింది.

ఆ తరువాత కొద్ది రోజులకే విజయవాడ వెళ్ళవలసి వచ్చింది. మన సంఘంలో ఆటో నడుపుకునే ఒక సహోదరుని కుమార్తె ఇంటర్ చదువుతూ విలువిద్య నేర్చుకుంటోందని మీలో చాలామందికి తెలుసు. ఆమె విల్లుకు కొత్త సైట్ కొన్నారు. ప్రార్థన చేయడానికి రమ్మని వాళ్ళ నాన్న పిలిస్తే మైదానానికి వెళ్ళాము.

విలువిద్యలో విజయవాడ పేరు చిన్నది కాదు, ప్రియులారా. ఈ నగరంలోనే పుట్టిన వెన్నం జ్యోతి సురేఖ నాలుగేళ్ళ వయసులో కృష్ణానదిని ఈది, తరువాత విల్లు పట్టి, 2017లో అర్జున అవార్డు అందుకుంది. 2023 అక్టోబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు గెలిచింది. వ్యక్తిగత ఫైనల్లో 15 బాణాలకు 150 పాయింట్లు ఉంటే 149 సాధించింది. మన కృష్ణ నీళ్ళు తాగి పెరిగిన బిడ్డ ఒకే ఒక్క పాయింటు పోగొట్టుకుంది. ఇదే నగరంలోని వోల్గా ఆర్చరీ అకాడమీ వెనుక ఒక కన్నీటి చరిత్ర ఉంది. ప్రమాదంలో పోయిన కుమార్తె పేరు మీద చెరుకూరి కుటుంబం ఆ అకాడమీని నడిపింది. ఆ ఇంటి కుమారుడు లెనిన్ 2010లో రోడ్డు ప్రమాదంలో కన్నుమూశాడు. ఇద్దరు బిడ్డలను పోగొట్టుకున్న ఆ ఇంట మళ్ళీ ఒక ఆడబిడ్డ పుట్టింది. 2015 మార్చిలో, ఇంకా మూడేళ్ళు నిండకుండానే, ఆ పసిది 5 మీటర్ల నుంచి 36 బాణాలు, 7 మీటర్ల నుంచి 36 బాణాలు వేసి 388 పాయింట్లు సాధించిందని పత్రికలన్నీ రాశాయి. అయిదు మీటర్లే కదా అని ఎవరూ నవ్వలేదు. ఆ వయసుకు అది తగిన దూరం.

మన అమ్మాయి మాత్రం ఆ రోజు అయిదు మీటర్లకు సిగ్గుపడింది. ఆమెది కాంపౌండ్ విల్లు. ఆ విల్లుతో పోటీలో 50 మీటర్ల నుంచి వేయాలి. తోటి పిల్లలు అటు గీత మీద వరసగా నిలబడి 50 మీటర్లకు వేస్తుంటే, కోచ్ గారు ఈమెను పక్కన విడిగా పెట్టిన బల్ల ముందు అయిదు మీటర్లలో నిలబెట్టారు. "అందరూ చూస్తున్నారయ్యగారూ, చిన్నపిల్లలు వేసే దూరం ఇది" అని మెల్లగా మాతో అంది. కోచ్ గారు విన్నారు. "కొత్త సైట్‌తో 50లో వేసి, బాణం పొదల్లో పడితే సాయంత్రం దాకా వెతుక్కుంటావా? ఇక్కడ నిలబడి నీ తప్పు చూసుకుంటావా?" అన్నారు. ఒక్క బాణం పోతే వాళ్ళ నాన్న రెండు మూడు రోజుల సంపాదన పోయినట్టే. ఆ పిల్ల మారు మాట్లాడలేదు.

ఆ గంటసేపట్లో మేము చూసి, అడిగి తెలుసుకున్నవి మీకు చెప్పాలి.

మొదటిది. 50 మీటర్ల లక్ష్యం మధ్యలో పది పాయింట్ల వలయం అడ్డకొలత 8 సెంటీమీటర్లు. అంటే నడిబొడ్డు నుంచి అంచుకు 4 సెంటీమీటర్లే. అయిదు మీటర్లలో సైట్ పక్కకు 4 మిల్లీమీటర్లు తప్పితే, అదే తప్పు 50 మీటర్లకు వెళ్ళేసరికి 4 సెంటీమీటర్లవుతుంది. దగ్గర్లో మినపగింజంత తప్పు దూరంలో బాణాన్ని పదో వలయం అంచుకు తోసేస్తుంది. దూరానికి వెళ్తే తప్పు చిన్నదవదు, పెరుగుతుంది.

రెండవది. ఆమె మొదటి బాణం ఎడమకు పడగానే సైట్ మర తిప్పబోయింది. కోచ్ గారు చెయ్యి పట్టుకుని ఆపారు. "ఒక్క బాణానికి మర ముట్టుకోకూడదు. మూడు వెయ్యి." మూడూ ఒకే చోట గుంపుగా పడితే తప్పు సైట్‌ది. మూడూ మూడు దిక్కులకు పోతే తప్పు సైట్‌ది కాదు, వేసేవాళ్ళ నిలకడది. అప్పుడు ఎంత మర తిప్పినా ప్రయోజనం లేదు.

మూడవది మాకు వింతగా తోచింది. బాణాలు ఎడమకు పడుతుంటే సైట్‌ను కుడికి జరపాలని మేము అనుకున్నాము. కాదట. ఎడమకే జరపాలట. బాణం ఎటు పోతే సైట్ అటే పోవాలి. అలా జరిపిన సైట్‌ను మళ్ళీ నడిబొడ్డు మీదికి తెచ్చుకున్నప్పుడు విల్లే కుడికి తిరుగుతుంది, బాణం దారికి వస్తుంది. పిల్లలకు ఇది నేర్పడానికే చాలా రోజులు పడుతుందని, చెయ్యి ఎప్పుడూ ఎదురు దిక్కుకే పోతుందని ఆయన నవ్వారు.

నాలుగవది. కన్ను ఒక చోట, బాణం ఒక చోట ఉంటాయి. బాణం తాడుకు తగిలించిన చోటికి బెత్తెడు పైన కన్ను ఉంటుంది. రైఫిల్‌లోనూ అంతే, స్కోపు గొట్టం మీద సుమారు 4 సెంటీమీటర్ల ఎత్తున కూర్చుంటుంది. చూపు గీత వేరు, బాణపు దారి వేరు. సైట్ సరిచేయడం అంటే ఆ రెండూ కావలసిన దూరంలో కలిసేలా చేయడమే. 18 మీటర్లకు సరిపెట్టిన సైట్‌తో అయిదు మీటర్లలో వేస్తే బాణం చూసిన చోటికి కొంచెం కిందనే పడుతుంది. దూరాన సరిగ్గా తగిలేది మరీ దగ్గర్లో తప్పుతుంది. దగ్గర తేలిక అని ఎవరన్నారు?

ఇక వాక్యంలోకి వద్దాము.

క్రొత్త నిబంధన గ్రీకులో పాపానికి వాడిన 'హమార్తియ' అనే మాటకు మూలార్థం గురి తప్పడం అని మీరు ఎన్నోసార్లు విన్నారు. పాత నిబంధన హీబ్రూలోనూ అలాంటి మాటే ఉంది. న్యాయాధిపతులు 20వ అధ్యాయం 16వ వచనం తెరిచి చూడండి. బెన్యామీను గోత్రంలో ఎడమచేతి వాటంగల 700 మంది ఏరి కోరిన వీరులు ఉన్నారు. తల వెంట్రుకను గురి పెట్టి వడిసెలతో రాయి విసిరినా తప్పేవారు కారు. అక్కడ 'తప్పడం' అనడానికి వాడిన హీబ్రూ క్రియే మిగతా చోట్ల 'పాపం చేయడం' అనే అర్థంలో వస్తుంది. చేతి గురిలో వాళ్ళకు తప్పు అనేదే లేదు.

అయితే ఆ అధ్యాయం మొత్తం చదవండి. ఆ 700 మంది ఎవరి పక్షాన నిలబడ్డారు? వాళ్ళ గోత్రంలోని గిబియా అనే ఊరిలో ఒక స్త్రీని చెరిచి చంపిన దుర్మార్గుల పక్షాన. ఆ మనుష్యులను అప్పగించండి, ఈ చెడుతనాన్ని తీసివేద్దాం అని మిగతా ఇశ్రాయేలు అడిగితే వినలేదు. దూరాన వెంట్రుక కనిపించింది, సొంత ఊళ్ళో జరిగిన ఘోరం కనిపించలేదు. చివరకు ఆ గోత్రంలో 600 మంది పురుషులు రిమ్మోను బండకు పారిపోయి మిగిలారు (20:47). గురి తప్పని చేతులున్న గోత్రం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది.

ఈ మాట వేరొకరి గురించి చెప్పడం మాకు తేలిక. మా సంగతి చెప్పకపోతే ఈ వర్తమానం అబద్ధమవుతుంది. కాబట్టి చెబుతున్నాము.

2024 సెప్టెంబరు మొదటి వారం మీకు గుర్తుంది. బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ నీట మునిగింది. ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. పడవలు వెళ్ళలేని చోట డ్రోన్లతో అన్నం పొట్లాలు దించారు. టీవీలో అది చూసి మన సంఘమంతా కదిలింది. స్త్రీల సమాజం వారు తెల్లవారుజామున లేచి పులిహోర కలిపారు. గుప్పెడు బియ్యం కానుకగా ఆ నెల వచ్చిన బియ్యమంతా అందులోనే పోశాము. యవ్వనస్తులు ట్రాక్టరు కట్టారు. సంఘం పేరు వేసిన ఫ్లెక్సీ ముందు కట్టుకుని వెళ్ళి, నడుము లోతు నీళ్ళలో దిగి పొట్లాలు పంచి, రాత్రికి తిరిగి వచ్చాము. ఫోటోలు పెట్టాము. దూరదేశాల నుంచి మీరు ఎంతో సంతోషించి సందేశాలు పంపారు. అది చేయడం తప్పని మేము ఇప్పటికీ అనము. ఆ రోజు ఆ పొట్లం అందుకున్న చేతులు నిజంగా ఆకలితో ఉన్న చేతులు.

కానీ అవే వానలకు మన ఊరి డ్రెయిను కూడా కట్ట దాటింది. మందిరానికి నాలుగు ఇళ్ళ అవతల, పల్లంలో, మన సంఘపు పెద్దామె ఒకరు ఒంటరిగా ఉంటారు. మీకు పేరు చెప్పనక్కరలేదు, వెనుక వరుసలో స్తంభానికి ఆనుకుని కూర్చునే అవ్వ. ఆమె ఇంట్లోకి నీరు వచ్చింది. మట్టిగోడ ఒక పక్క కూలింది. మూడు రోజులు పొయ్యి వెలగలేదు. బడి అరుగు మీద తలదాచుకుంది. మా ట్రాక్టరు ఆ బడి ముందు నుంచే వెళ్ళింది.

ఆదివారం ఆరాధనకు ఆమె రాకపోతే అప్పుడు వెతికాము. "అవ్వా, మాకు ఒక్క మాట చెప్పకపోయావా" అని అడిగాము. "మీరు పట్నం దాకా పోయొచ్చారు కదయ్యా, అలిసిపోయుంటారని చెప్పలేదు" అంది. ఆ నెల గుప్పెడు బియ్యం కానుకలో ఆమె గుప్పెడు కూడా ఉంది. 40 కిలోమీటర్ల అవతల మేము పంచిన పులిహోరలో ఆమె బియ్యం ఉన్నాయి, ఆమె కడుపులో లేవు.

ఆ రాత్రి మా ఇంట్లో అన్నం సహించలేదు. అమ్మగారు ఒక్క మాటే అన్నారు. "ఆమె మనకు కనపడలేదు కాదండీ, రోజూ కనపడుతుంది కాబట్టి చూడలేదు." అదీ నిజం. అయిదు మీటర్లలో తప్పాము. కాగితం మీద పడిన తప్పు అది, కంటి ముందే ఉంది. ఇప్పుడు దిద్దుకోకపోతే దూరాన ఎంత పెద్దదవుతుందో మినపగింజ లెక్క మీకు చెప్పాము.

కాబట్టి మా అభిప్రాయం దాచకుండా చెబుతున్నాము. ఇటీవల మన డెల్టా సంఘాలన్నీ దూరపు గురి మీదే మనసు పెడుతున్నాయి. మహాసభలు, పెద్ద తెరలు, పక్క జిల్లా నుంచి తెచ్చే సౌండ్ బాక్సులు, ప్రత్యక్ష ప్రసారాలు, ఎక్కడో దూర రాష్ట్రాలకు సువార్త యాత్రలు. వీటిలో ఏదీ చెడ్డది కాదు. కానీ దగ్గర గురి చూసుకోకుండా దూరానికి వెళ్ళిన సంఘం, ఎటు పోతోందో తెలియని బాణాలు వేస్తోంది. సభకు ఎంతమంది వచ్చారో లెక్క ఉంటుంది. మన వీధిలో ఎవరి పొయ్యి వెలగలేదో లెక్క ఉండదు. సొంత ఇంటిని ఏలడం తెలియనివాడు దేవుని సంఘాన్ని ఎలా చూసుకుంటాడని పౌలు తిమోతికి రాశాడు (1 తిమోతి 3:5). చూసిన సహోదరుని ప్రేమించనివాడు చూడని దేవుని ప్రేమించలేడని యోహాను రాశాడు (1 యోహాను 4:20). ఇద్దరూ చెప్పింది దగ్గర గురి సంగతే.

ఆ కోచ్ గారు చెప్పిన మాటలను మన ఇళ్ళకు తెచ్చుకుందాము.

ఒక్క బాణానికి మర తిప్పకూడదు. ఇది సంఘ పెద్దలకు, అత్తగార్లకు, మాకు కూడా అవసరమైన మాట. కోడలు ఒక్కరోజు మాట తూలితే ఆ పిల్ల స్వభావమే అంతని తీర్పు చెబుతాము. ఒక కుర్రాడు రెండు ఆదివారాలు రాకపోతే వెనుదిరిగాడని ముద్ర వేస్తాము. మూడు బాణాలు చూడండి. నిజంగా ఒకే చోట తప్పుతున్నారా? లేక ఒక్కొక్కసారి ఒక్కో దిక్కుకా? అన్ని దిక్కులకూ పోతుంటే ఆ మనిషి ఏదో భారంతో వణుకుతున్నాడు. అప్పుడు కావలసింది గద్దింపు కాదు. పక్కన నిలబడి భుజం పట్టుకునేవాళ్ళు కావాలి. మా సంఘంలో అలా ముద్ర వేసిన ఒక కుర్రాడు ఆ రెండు ఆదివారాలూ తండ్రికి డయాలసిస్ చేయిస్తూ ఆసుపత్రి వరండాలో ఉన్నాడు. అడిగి ఉంటే తెలిసేది.

బాణం ఎటు పోతే సైట్ అటు పోవాలి. పిల్లలు మన మాట వినడం లేదని ఎంతమంది తల్లిదండ్రులు మా దగ్గర ఏడుస్తారో! వాళ్ళు ఎడమకు పోతే మనం కుడివైపు నిలబడి ఇటు రా, ఇటు రా అని కేకలు వేస్తాము. గొంతు పెంచుతాము. గురి ఇంకా తప్పుతుంది. వాళ్ళు పడిన చోటికి మనం వెళ్ళాలి. వెళ్ళి వాళ్ళు చేసేది ఒప్పని చెప్పమనడం లేదు. సైట్ ఎడమకు జరిగినా లక్ష్యం జరగలేదు గదా, నడిబొడ్డు ఎక్కడిదక్కడే ఉంది. తప్పిపోయిన గొఱ్ఱెను దొడ్డి గుమ్మంలో నిలబడి పిలిచిన కాపరి కథ ప్రభువు చెప్పలేదు. వెతుక్కుంటూ వెళ్ళిన కాపరి కథ చెప్పాడు (లూకా 15). ఆయనే పరలోకం విడిచి మనం పడిన చోటికి వచ్చాడు.

కన్ను వేరు, బాణం వేరు. ఇది అన్నిటికంటే మాకు తగిలింది. వేదిక మీద మేము ఎంత మెల్లగా, ఎంత ప్రేమగా మాట్లాడతామో మీరు చూశారు. ఇంట్లో చొక్కా ఇస్త్రీ చేయలేదని మేము ఎలా మాట్లాడతామో మా అమ్మగారు ఒక్కరే చూశారు. దూరానికి సరిపెట్టుకున్న సైట్ మాది. దగ్గర్లో కిందికి పడుతోంది. మన వాళ్ళే కదా అని సొంతవాళ్ళను మనం బెత్తెడు పైనుంచి చూస్తాము. ఆ బెత్తెడు ఎత్తు దూరపువాళ్ళకు తెలియదు, ఇంట్లోవాళ్ళకు తెలుస్తుంది. దూరపు మనిషికి చూపే మర్యాద దగ్గరి మనిషికి చూపాలంటే మళ్ళీ వేరుగా నేర్చుకోవాలి. తేలికగా రాదు. ఆ అమ్మాయి అయిదు మీటర్లలో ముప్పావు గంట కష్టపడింది.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది, న్యాయమైనదే. మన పెద్దల్లో ఒకరు మాతో అన్నారు. "అయ్యగారూ, ఇలా దగ్గర, దగ్గర అని కూర్చుంటే ఎప్పటికీ గడప దాటము. ఎప్పుడు మన ఇళ్ళు సంపూర్ణంగా బాగుపడాలి, ఎప్పుడు సువార్తకు వెళ్ళాలి? సింగ్ నగర్ వాళ్ళు మన అవ్వ గోడ కట్టేదాకా ఆకలితో ఆగుతారా?" ఆగరు. ఆయన మాట నిజం. రైఫిలు వాడైనా, విలుకాడైనా దగ్గర్లోనే ఉండిపోతే అది గురి కాదు. పైగా దగ్గర్లో అన్నీ నడిబొడ్డులోనే తగిలినట్టు కనిపించి, అసలు తప్పు దూరానికి వెళ్తేగాని బయటపడకపోవచ్చు. అందుకే 25 తరువాత 100, అయిదు తరువాత 18, ఆ తరువాత 50. యెరూషలేము, యూదయ, సమరయ, ఆ తరువాత భూదిగంతాలు అని ప్రభువు వరుస చెప్పాడు (అపొస్తలుల కార్యములు 1:8). యెరూషలేములోనే ఆగమనలేదు. యెరూషలేమును దాటేసి పొమ్మనీ అనలేదు. ఆపద వచ్చినప్పుడు వరుస చూసుకోకుండా పరుగెత్తాల్సిందే, మేము ఒప్పుకుంటాము. మేము అడిగేది ఒక్కటే. పరుగెత్తే ట్రాక్టరు బడి ముందు ఒక్క నిమిషం ఆగాలి. అరుగు మీద ఎవరున్నారో చూడాలి. ఆ నిమిషం వల్ల సింగ్ నగర్‌లో ఎవరూ ఆకలితో పోయేవారు కాదు.

అందుచేత రాబోయే మహాసభల విషయంలో కమిటీ ముందు మా మనవి ఇది. మూడు రోజుల సభలు ఈసారి రెండు రోజులకు తగ్గిద్దాము. ఆ మూడో రోజు ఖర్చుతో పల్లంలో ఉన్న ఇళ్ళకు వానాకాలం లోపల గోడలు, పునాది అరుగులు ఎత్తు చేయిద్దాము. సంఘంలో ప్రతి కుటుంబం తమకు అటు ఇటు ఉన్న రెండిళ్ళ బాధ్యత తీసుకోవాలి. వాళ్ళు మన మందిరానికి వస్తారా, గుడికి వెళ్తారా, మసీదుకు వెళ్తారా అని చూడవద్దు. వాన వచ్చినప్పుడు, జ్వరం వచ్చినప్పుడు, రెండు రోజులు తలుపు తీయనప్పుడు వెళ్ళి పలకరించాలి. మేము వారానికి రెండు సాయంత్రాలు ఏ కూటమీ పెట్టుకోకుండా, మైకు లేకుండా, ఫోటో లేకుండా ఇళ్ళకు వస్తాము. మాకు పొరపాటున ఎవరైనా తప్పిపోతే మాకు ఫోన్ చేసి గద్దించండి. పాస్టరు గారు అలిసిపోయి ఉంటారని ఊరుకోకండి. ఆ మర్యాద మాకు వద్దు.

కమిటీలో ఇది నెగ్గుతుందో లేదో ఇంకా తెలియదు. సభలు తగ్గిస్తే సంఘం పేరు తగ్గుతుందని కొందరి భయం. ఆ భయాన్ని మేము తేలిగ్గా తీసుకోవడం లేదు, ఎందుకంటే నిన్నమొన్నటి దాకా అది మా భయమే. వచ్చే ఆదివారం ఆరాధన తరువాత అందరం కూర్చుందాము. మీ మనసులో ఉన్నది చెప్పండి. మాతో విభేదించినా చెప్పండి.

అవ్వ గోడ గురించి అడుగుతున్నవారికి ఒక మాట. ముగ్గురు యవ్వనస్తులు, ఒక తాపీమేస్త్రీ కలిసి సిమెంటు ఇటుకలతో ఛాతీ ఎత్తు దాకా లేపారు. రసమట్టం పెట్టి చూసి ఒక వరుస వంకర వచ్చిందని మళ్ళీ విప్పి కట్టారు. ఇంకా పైకప్పు మిగిలి ఉంది. రేకులకు డబ్బు సరిపోలేదు. చేయగలిగినవారు కోశాధికారిగారికి తెలియజేయండి. అవ్వ మాత్రం ఈ నెల కూడా గుప్పెడు బియ్యం తెచ్చింది. వద్దంటే బాధపడుతుందని తీసుకున్నాము. ఈసారి ఆ బియ్యం ఎక్కడ వండాలో మాకు తెలుసు.

ఆ అమ్మాయి సంగతి కూడా చెప్పి ముగిస్తాము. అయిదు మీటర్లలో మూడు బాణాలు ఒకదానికొకటి రాసుకుని గుచ్చుకునేదాకా కోచ్ గారు వదలలేదు. తరువాత 18కి పంపారు. ఆ రోజు 50కి పంపలేదు. ఆమె మొహం చిన్నబోయింది. ఆటోలో తిరిగి వస్తూ వాళ్ళ నాన్న, "రేపు వేద్దువులే తల్లీ, లక్ష్యం ఎక్కడికీ పోదు" అన్నాడు. మాకు ఆ మాట ఫిలిప్పీ 3:14 లాగా వినిపించింది. గురి యొద్దకే పరుగెత్తుదాము. అయితే ఈ వారం మన పక్కింటి గుమ్మం దాకా పరుగెత్తుదాము.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, దూరాన ఉన్నది చూసే కన్నులు మాకిచ్చావు, స్తోత్రము. మా పక్కనున్నది చూసే కన్నులు కూడా దయచేయుము. మా తప్పు మాకు కనిపించే దూరంలో మమ్మల్ని నిలబెట్టుము. అక్కడ నిలబడటానికి సిగ్గుపడని మనసు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.

ప్రభువు మీ ఇళ్ళను, మీ పక్క ఇళ్ళను దీవించును గాక.